నాగా, సెలవు, ఆటవిడుపు

(రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, మైకు దగ్గరికి జరుపుకుంటాను. సరే.

ముందు ఒక ప్రశ్న. మే 1 ఏం రోజు? అందరూ ఒక్కసారే చెప్పారు, కార్మిక దినోత్సవం. మరి మే 2? ఎవరికైనా తెలుసా? ప్రపంచ ట్యూనా దినోత్సవం. ట్యూనా అంటే చేప. అవునండీ, చేపే. ఐక్యరాజ్యసమితి 2016లో తీర్మానం చేసి మరీ ఆ చేపకి ఒక రోజు ఇచ్చింది. నవ్వొస్తే నవ్వండి, మొదటిసారి చదివినప్పుడు నేనూ నవ్వాను. తర్వాత ఎందుకిచ్చారో చదివాను. ఆ చేప మీదే బతికే చిన్న చిన్న ద్వీప దేశాలున్నాయి. సముద్రంలో దొరికిందంతా ఊడ్చేస్తే రేపు వాళ్లకి వేట ఉండదు. అందుకని ఒక రోజు.

ఇలాంటివి బోలెడున్నాయి. మే 20 తేనెటీగలది. జూన్ 3 సైకిలుది. ఆగస్టు 13 ఎడమచేతివాటం వాళ్లది. ఇక్కడ ఎడమచేత్తో రాసేవాళ్లు ఎంతమంది? ఇద్దరు, ముగ్గురు... మీకో రోజు ఉంది, గుర్తుపెట్టుకోండి. మార్చి 14 లెక్కల్లో వచ్చే 'పై'ది. 1988లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లొరేటోరియం అనే సైన్సు మ్యూజియంలో పనిచేసే లారీ షా అనే ఆయన మొదలుపెట్టాడు. అమెరికావాళ్లు నెల ముందు రాస్తారు గనక వాళ్లకి అది 3, 14 అవుతుంది. మనలా తేదీ ముందు రాసేవాళ్లకి జులై 22 ఉంది. 22 బై 7. అదీ కొంతమంది చేసుకుంటారు.

నవంబర్ 19 చెప్తే ఇంకా నవ్వుతారు. ప్రపంచ టాయిలెట్ దినోత్సవం. సింగపూర్‌కు చెందిన జాక్ సిమ్ అనే ఆయన 2001లో మొదలుపెడితే, 2013లో ఐక్యరాజ్యసమితి ఒప్పుకుంది. కానీ ఇందులో నవ్వుతో ఆగిపోలేని సంగతి ఒకటుంది. పనిచేసే చోట మరుగుదొడ్డి లేక, ఉన్నా వెళ్లడానికి మేస్త్రీ ఒప్పుకోక, పొద్దున్నుంచి సాయంత్రం దాకా మంచినీళ్లు తాగడం మానేసే ఆడవాళ్లు ఎంతమంది లేరు? ఆ రోజు వాళ్లది. నాకైతే ఆ పేరు చూసి సిగ్గుపడాల్సింది ఏమీ కనిపించదు.

ఈ రోజుల పట్టీ అంటే నాకింత ఇష్టం ఎందుకంటే, నేను 30 ఏళ్లు ఒక ఆఫీసులో హాజరు పట్టీ రాశాను. ఎవరొచ్చారు, ఎవరు రాలేదు, ఎందుకు రాలేదు. రోజూ అదే పని. అందుకని ఏ రోజు పేరు విన్నా నాకు రెండు ప్రశ్నలొస్తాయి. ఆ రోజు సెలవా? సెలవైతే ఆ రోజుకి డబ్బులొస్తాయా? మొదటి ప్రశ్న అందరూ అడుగుతారు. రెండోది అడిగేవాళ్లు తక్కువ. ఈ పూట నేను మాట్లాడేదంతా ఆ రెండో ప్రశ్న చుట్టూనే.

ముందు మన మాటలు చూడండి. పనికి వెళ్లని రోజుకి తెలుగులో మూడు మాటలున్నాయి. నాగా, సెలవు, ఆటవిడుపు. నాగా ఉర్దూ నుంచి వచ్చింది. 'ఈ నెల నాలుగు నాగాలు పడ్డాయి' అంటాం. పడ్డాయి అంటాం గమనించారా, దెబ్బలు పడ్డట్టు. నాగా అంటే ఆ రోజు కూలి పోయినట్టే. ఇక సెలవు. 'పెద్దలు ఏం సెలవిచ్చారు?' అంటే ఏం చెప్పారు, ఏం ఆజ్ఞాపించారు అని. 'మరి నాకు సెలవా?' అంటే వెళ్లమంటారా అని. ఆ మాట పలకగానే అవతల ఒక పెద్దమనిషి నిలబడి ఉంటాడు. ఆయన ఇవ్వాలి, మనం పుచ్చుకోవాలి. ఆటవిడుపు పిల్లల మాట. ఆడుకోమని బడి నుంచి విడిచిపెట్టడం. అక్కడా విడిచేవాళ్లు వేరే ఉన్నారు. మూడు మాటలున్నాయి గానీ, ఈ రోజు నాది, నేను తీసుకుంటున్నాను అనే మాట మాత్రం మనకి లేదు. ఎందుకు లేదు? చాలాకాలం అలాంటి రోజే లేదు గనక.

జీతం అన్న మాట కూడా చూడండి. చిన్నప్పుడు ప్రకృతి వికృతులు చదువుకున్నాం కదా. జీవితం ప్రకృతి, జీతం వికృతి. రెండూ ఒకటే మాట! ఇంగ్లీషులో శాలరీ అన్నదానికి లాటిన్‌లో ఉప్పుతో చుట్టరికం ఉంది. దాన్ని పట్టుకుని రోమన్ సైనికులకి జీతంగా ఉప్పే ఇచ్చేవారని ఒక కథ తిరుగుతూ ఉంటుంది. అలా ఇచ్చారనడానికి ఆధారం లేదు. కానీ మన మాటకి ఏ కథా అక్కర్లేదు. ఒక రోజు జీతం కోశారంటే ఒక రోజు జీవితం కోసినట్టేనని ఆ మాటే చెప్తోంది.

ఇప్పుడు మిమ్మల్ని 3,200 ఏళ్లు వెనక్కి తీసుకెళ్తాను. బ్రిటిష్ మ్యూజియంలో ఒక సున్నపురాయి పలక ఉంది. ఈజిప్టుది, రెండో రామ్సెస్ రాజు కాలంది. ఏం పలకో తెలుసా? హాజరు పట్టీ! దాని ఫొటో నేను మొదటిసారి చూసినప్పుడు ఎంతసేపు చూశానో చెప్పలేను. నేను 30 ఏళ్లు చేసిన పనే, అక్కడ ఎవరో గుమాస్తా రాయి మీద చేశాడు. రాజుల సమాధులు తొలిచే పనివాళ్ల ఊరు అది, ఇప్పుడు దాన్ని దేర్ ఎల్ మెదీనా అంటారు. 40 మంది పేర్లు ఒక పక్కన వరసగా ఉంటాయి. పేరుకి ఎదురుగా వాళ్లు రాని తేదీలు నల్ల సిరాతో రాశాడు. తేదీ పైన, రాకపోవడానికి కారణం ఎర్ర సిరాతో. 280 రోజుల లెక్క.

కారణాలేమిటో వినండి. ఒకడిని తేలు కుట్టింది. ఒకడికి కళ్ల జబ్బు. ఒకడు ఇంట్లో బీరు కాచుకోవాలి. ఇంకొకడి తమ్ముడో అన్నో చనిపోతే, శవాన్ని సిద్ధం చెయ్యడానికి వెళ్లాడు. ఒకడి కూతురికి నెలసరి, ఒకడి భార్యకి నెలసరి. అవునండీ, అది కూడా కారణంగా రాశాడు, దాచలేదు. నేను చదివిన సెలవు చీటీలన్నీ గుర్తొచ్చాయి. 'ఒంట్లో నలతగా ఉంది', 'దగ్గరి బంధువు కాలం చేశారు', 'ఇంట్లో అత్యవసరమైన పని'. మా దగ్గర ఆ 'అత్యవసరమైన పని' ఏమిటో రాసేవాళ్లు కాదు. రాస్తే ఏమనుకుంటారోనని టెన్షన్. ఆ ఈజిప్టు గుమాస్తా బీరు కాచుకోవాలి అన్నా రాసుకున్నాడు. మనిషికి ఇంటి దగ్గర కూడా పనుంటుందని ఒప్పుకున్న రాయి అది.

అదే ఊళ్లో దాదాపు ఒక వందేళ్ల తర్వాత, మూడో రామ్సెస్ కాలంలో, ఇంకొకటి జరిగింది. పనివాళ్లకి ఇవ్వాల్సిన ధాన్యం రాలేదు. వాళ్లకి ధాన్యమే జీతం. ఎదురుచూశారు, చూశారు, రాలేదు. అప్పుడు పనిముట్లు పక్కన పెట్టేసి, అందరూ కలిసి నడుచుకుంటూ వెళ్లి ఒక గుడి వెనక కూర్చున్నారు. అధికారులొచ్చి లేవమంటే, ఆకలి వల్ల దాహం వల్ల ఇక్కడికొచ్చాం, బట్టల్లేవు, నూనె లేదు, చేపల్లేవు, కూరల్లేవు, మా మాట రాజుకి రాసి పంపండి అన్నారు. ఇది కట్టుకథ కాదు. పపైరస్ మీద, అంటే అప్పటి రెల్లు కాగితం మీద రాసి ఉంది, ఇప్పుడది ఇటలీలో ట్యూరిన్ మ్యూజియంలో ఉంది. రాతలో మనకి దొరికిన మొట్టమొదటి సమ్మె అదే. ఇంతకీ ధాన్యం వచ్చిందా అంటారా? వచ్చింది. తర్వాత మళ్లీ ఆలస్యమైంది, మళ్లీ కూర్చున్నారు.

కాలంలో కొంచెం ముందుకొద్దాం. యూరప్‌లో చేతివృత్తులవాళ్లు సోమవారం పనికి వెళ్లేవాళ్లు కాదు. ఆదివారం ఎలాగూ సెలవు, దానికి సోమవారం నాగా కలిపేవాళ్లు. దానికి 'సెయింట్ మండే' అని పేరు కూడా పెట్టుకున్నారు, అదేదో పుణ్యదినం అయినట్టు. ముక్కకి ఇంత అని కూలి తీసుకునేవాళ్లు గనక మిగతా రోజుల్లో ఒళ్లు దాచుకోకుండా చేసి సరిపెట్టుకునేవాళ్లు. ఫ్యాక్టరీ సైరన్ వచ్చాక ఆ సోమవారం పోయింది. పొద్దున చీకటితో వెళ్లడం, రాత్రి చీకటితో రావడం. పన్నెండు గంటలు, పధ్నాలుగు గంటలు, పిల్లలతో సహా.

అప్పుడు రాబర్ట్ ఓవెన్ అనే ఆయన ఒక లెక్క చెప్పాడు. ఆయన స్వయంగా మిల్లు యజమాని, అది గుర్తుంచుకోవాలి. రోజుకి 24 గంటలు కదా, 8 గంటలు పని, 8 గంటలు నిద్ర, 8 గంటలు మన ఇష్టం. ఒకటో తరగతి పిల్లాడికి కూడా అర్థమయ్యే భాగాహారం. ఆ భాగాహారం అమలు కావడానికి ఎన్ని తరాలు పట్టిందో చూడండి. 1856 ఏప్రిల్ 21న ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నగరంలో రాళ్లు చెక్కే పనివాళ్లు యూనివర్సిటీ భవనం దగ్గర పని ఆపేసి పార్లమెంటు దాకా ఊరేగింపుగా వెళ్లారు. ఎనిమిది గంటల పనిదినం సాధించుకున్నారు. ఇక్కడ ఒక మాట నేను రెండుసార్లు చెప్తాను. కూలి తగ్గకుండా సాధించుకున్నారు. కూలి తగ్గకుండా! గంటలు తగ్గించి కూలీ తగ్గిస్తే అందులో సాధించుకున్నదేముంది?

షికాగో సంగతి మీకు తెలిసిందే. 1886 మే 1న ఎనిమిది గంటల కోసం సమ్మె. మే 4న హేమార్కెట్‌లో సభ, బాంబు, కాల్పులు. ఆ తర్వాతి ఏడాది నవంబర్‌లో నలుగురు కార్మిక నాయకుల్ని ఉరి తీశారు. 1889లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ మహాసభ, వచ్చే ఏడు మే 1న అన్ని దేశాల్లోనూ ప్రదర్శనలు చెయ్యాలని నిర్ణయించింది. అలా వచ్చింది మేడే. విచిత్రం ఏమిటంటే, మేడే పుట్టిన అమెరికాలో మాత్రం కార్మికుల సెలవు సెప్టెంబర్ మొదటి సోమవారం. 1894లో చట్టం చేశారు. సంఘటన జరిగిన దేశంలో ఆ తేదీకి సెలవు లేదు.

1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ పుట్టింది. అది చేసిన మొట్టమొదటి ఒప్పందమే పనిగంటల మీద. రోజుకి 8, వారానికి 48. 1921లో వారానికి కనీసం 24 గంటలు వరసగా విశ్రాంతి ఉండాలని ఇంకో ఒప్పందం. 1948లో వచ్చిన మానవ హక్కుల ప్రకటన తీసి 24వ అధికరణం చదవండి. చాలా చిన్నది, రెండు వాక్యాలు కూడా లేదు. విశ్రాంతి హక్కు, తీరిక హక్కు, పనిగంటలకి హద్దు. చివర్లో 'జీతంతో కూడిన సెలవులు' అని ఉంటుంది. ఆ 'జీతంతో కూడిన' అన్న రెండు మాటల కింద నేను పెన్సిలుతో గీత గీసుకున్నాను.

ఎందుకు గీశాను? ఫ్రాన్సులో 1936లో ఏం జరిగిందో చదివాను కాబట్టి. ఆ ఏడాది వేసవిలో పెద్ద సమ్మెల తర్వాత కార్మికులందరికీ ఏడాదికి రెండు వారాలు జీతంతో సెలవు అని చట్టం వచ్చింది. రైలు టికెట్ కూడా తగ్గించారు. సైకిళ్ల మీద, రైళ్లలో జనం సముద్రం వైపు వెళ్లారు. అదే దేశంలో పుట్టి, అదే దేశంలో 40 ఏళ్లు, 50 ఏళ్లు బతికి, అప్పటిదాకా సముద్రం చూడనివాళ్లు! అంతకుముందు వాళ్లకి వెళ్లొద్దని ఎవరైనా చెప్పారా? లేదు. వెళ్తే పదిహేను రోజుల కూలి పోతుంది. అంతే.

సెలవు ఇస్తే చాలదు, నలుగురికీ కలిసి రావాలి అనేది ఇంకో సంగతి. ఫ్రాన్సులోనే విప్లవం రోజుల్లో, 1793లో, కొత్త క్యాలెండర్ పెట్టారు. వారానికి పది రోజులు. తొమ్మిది రోజులు పని, పదో రోజు విశ్రాంతి. పేరు ఎంత గొప్పగా పెట్టినా పనిచేసేవాడు లెక్క వేసుకుంటాడు కదా? ఏడు రోజులకి ఒకసారి వచ్చేది పది రోజులకి పోయింది. 1806 వచ్చేసరికి ఆ క్యాలెండరే పోయింది.

సోవియట్ యూనియన్‌ది ఇంకో రకం. 1929లో యంత్రాలు ఒక్క రోజు కూడా ఆగకూడదని వారాన్ని ఐదు రోజులు చేశారు. నాలుగు రోజులు పని, ఐదో రోజు విశ్రాంతి. వినడానికి బాగుంది కదూ? కానీ అందరికీ ఒకే రోజు కాదు. మనుషుల్ని ఐదు గుంపులు చేసి ఒక్కో గుంపుకి ఒక్కో రంగు ఇచ్చారు. భర్తది పచ్చ, భార్యది ఎరుపు అనుకోండి. ఈయన ఇంట్లో ఉన్న రోజు ఆవిడ ఫ్యాక్టరీలో, ఆవిడ ఇంట్లో ఉన్న రోజు ఈయన ఫ్యాక్టరీలో, పిల్లలు బడిలో. ఖాళీ ఇంట్లో కూర్చుని ఏం చేస్తాడు మనిషి? రకరకాలుగా మార్చి చూసి, చివరికి 1940లో మళ్లీ ఏడు రోజుల వారానికే వచ్చారు. ఇవాళ షిఫ్టుల్లో పనిచేసే మొగుడూపెళ్లాలకి ఈ కథ చెప్తే, మా ఇంట్లో ఇప్పటికీ రంగులే నడుస్తున్నాయండీ అంటారు.

పువ్వులిచ్చే రోజుల గురించి ఒక్క మాట. అమెరికాలో 1952 నుంచి ఆఫీసు సెక్రటరీల కోసం ఒక వారం పెట్టారు. ఆ వారంలో పైఅధికారులు వాళ్లకి పువ్వులు, గ్రీటింగ్ కార్డులు ఇచ్చేవారు. 1970లలో బోస్టన్‌లో ఆఫీసుల్లో పనిచేసే ఆడవాళ్లు 'నైన్ టు ఫైవ్' అని సంఘం పెట్టుకుని ఏమన్నారంటే, గులాబీలొద్దు, జీతం పెంచండి అన్నారు. నాకు చాలా నచ్చిన నినాదం అది. పువ్వు మీద వాళ్లకి కోపం లేదు. పువ్వు వాడిపోతుంది, ఇంటద్దె మాత్రం నెలనెలా వస్తుంది.

టీ రోజు సంగతీ ఇలాంటిదే. ఐక్యరాజ్యసమితి 2019లో మే 21ని అంతర్జాతీయ తేనీటి దినోత్సవం అంది. కానీ అంతకు చాలా ముందే, 2005 నుంచే, తేయాకు పండించే దేశాల్లో కార్మిక సంఘాలు, చిన్న రైతులు డిసెంబర్ 15ను టీ రోజుగా చేసుకుంటున్నారు. కప్పులో టీ ఎంత బాగుంది అని కాదు, ఆకు కోసే చేతికి ఎంత ముడుతోంది అని అడగడానికి. వీలైతే ఈ రెండో తేదీ కూడా మీ క్యాలెండర్‌లో రాసుకోండి.

ఇప్పుడు నేను స్వయంగా చూసింది చెప్తాను. ఆఫీసు పేరు చెప్పను, అవసరం లేదు. నేను కొత్తగా చేరిన రోజులు. మా రిజిస్టర్‌లో ఒక్కో గడిలో ఒక్కో అక్షరం రాసేవాళ్లం. హాజరైతే 'హా', నాగా అయితే 'నా', సెలవైతే 'సె'. మే 1 వచ్చింది. ఆఫీసు మూసేశాం. నెలాఖరున రిజిస్టర్ రాస్తుంటే మా పెద్ద గుమాస్తా చెప్పారు, పర్మినెంటు వాళ్లకి 'సె' రాయి, రోజుకూలీ వాళ్లకి 'నా' రాయి అని. రూలు అదే. ఊడ్చే ఆవిడ ఒకావిడ ఉండేది, మా అమ్మ వయసు. కార్మికుల రోజున కార్మికురాలి గడిలో నేను నా చేత్తో 'నా' అని రాశాను. ఆవిడకి చదువు రాదు గానీ డబ్బు లెక్క తప్పదు. జీతాల రోజున నా దగ్గరికొచ్చి, 'బాబూ, ఆ రోజు నేను రానన్నానా? మీరే కదా తలుపు తాళం వేశారు' అంది. ఏం చెప్పను? రూలు చూపించగలను, జవాబు మాత్రం నా దగ్గర లేదు. 'నిజమేనమ్మా' అన్నాను.

తర్వాత మా యూనియన్ వాళ్లు ఆ సంగతి డిమాండ్లలో పెట్టారు. దాని కోసమే ప్రత్యేకంగా రెండుసార్లు మాట్లాడారు. రెండేళ్లకి ఉత్తర్వు వచ్చింది. ఆ మే నెల రిజిస్టర్ రాసేటప్పుడు ఆవిడని పిలిచి ఆ గడి చూపించాను. అక్షరం మీద వేలు పెట్టి, 'ఇది సెలవా?' అని అడిగింది. అవునన్నాను. 'డబ్బులతోనా?' అంది. చూశారా, నేను ఇందాక చెప్పిన రెండో ప్రశ్న. నేను నేర్చుకున్నది ఆవిడ దగ్గరే.

ఏమిటండీ, అక్కడెవరో చెయ్యెత్తారు. గట్టిగా అడగండి. ఆ, ఫిబ్రవరి 29 గురించా? నెల జీతగాళ్లు ఆ రోజు ఊరికే పనిచేసినట్టే కదా అంటున్నారు. మంచి ప్రశ్న. నెల జీతానికి 28 రోజులైనా ఒకటే, 29 అయినా ఒకటే, 31 అయినా ఒకటే. కాబట్టి లీపు సంవత్సరంలో ఆ ఒక్క రోజు పనికి వేరే డబ్బులు రావు, మీరన్నది నిజమే. మా ఆఫీసులో కూడా ప్రతి నాలుగేళ్లకీ ఈ మాట వచ్చేది, ఆ రోజుని సెలవు చేస్తే బాగుండునని అందరూ అనేవాళ్లు. ఒకసారి అలాగే మాట్లాడుకుంటుంటే ఆ ఊడ్చే ఆవిడ పక్కనే ఉంది. చీపురు గోడకి ఆనించి, మా మాటలన్నీ విని, 'అట్లా మొక్కుకోకండి బాబూ, నాకు ఫిబ్రవరిలో ఎప్పుడూ రెండు రోజుల కూలి తక్కువొస్తుంది, ఈ ఏడు ఒక్కరోజే తక్కువ' అంది. అప్పటిదాకా మేమెవరం ఆ నెలని అటునుంచి చూడలేదు.

సమయం అయిపోయినట్టుంది, తాళం తీసుకుని మన వాచ్‌మన్ గారు తలుపు దగ్గర నిలబడ్డారు. ఆయన డ్యూటీ కూడా ఎనిమిది గంటలకే అయిపోవాలి. సెలవు.